పన్ను నాటితే పాతుకుంటుందా?

పిల్లలూ! నారు నాటడం మీరు చూసే ఉంటారు. చెట్టు నాటడం మీ చేతులతో చేసే ఉంటారు. మరి పన్ను నాటడం గురించి ఎప్పుడైనా విన్నారా?

మాది కర్నూలు జిల్లా సి.బెళగల్. ఒక పక్క తుంగభద్ర, మరో పక్క నల్లరేగడి చేలు. మా ఊళ్ళో ఇంప్లాంటు అన్న మాట పలకడం పెద్దవాళ్ళకు కొంచెం కష్టం. అందుకని దాన్ని ‘నాటు పన్ను’ అంటారు. నాటు కోడి అన్నప్పటి నాటు కాదిది, నారు నాటు అన్నప్పటి నాటు. పేరు బాగా కుదిరింది కాబట్టి ఈ వ్యాసంలో నేనూ అదే వాడతాను.

నాటిన ప్రతి మొక్కా బతకదు. ఒకటి మానవుతుంది, ఒకటి వాడిపోతుంది. నాటు పన్ను సంగతీ అంతే. కొందరికది జీవితాంతం నిలుస్తుంది, కొందరికి నాలుగేళ్ళకే ఊడి చేతిలోకి వస్తుంది. ఎందుకు? ఈ ప్రశ్న నన్ను మా ఇంట్లోనే పట్టుకుంది.

అన్నదమ్ములిద్దరు, పళ్ళు రెండు

తొమ్మిదేళ్ళ కిందట నాకు కింది దవడలో ఒక దవడపన్ను పుచ్చి, తీయించవలసి వచ్చింది. ఆ చోట నాటు పన్ను పెట్టించుకున్నాను. అది చూసి మా అన్న కూడా పై దవడలో వెనక ఖాళీగా ఉన్న చోట నాటించుకున్నాడు. కర్నూలులో డాక్టరమ్మ ఒకరే. వాడిన లోహమూ ఒకటే. అన్న ఆ ఏడు ఉల్లి పంట మీద వచ్చిన డబ్బులో సగం దానికే పెట్టాడు.

నా పన్ను ఇప్పటికీ జొన్న రొట్టె నములుతోంది. అన్నది నాలుగేళ్ళకు కదలడం మొదలుపెట్టి, ఒకనాడు అన్నం తింటుండగా ఊడి వచ్చింది. ఆ మరను అరచేతిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“నీది నిల్చె, నాది ఊడె. ఒకే తల్లి కడుపున పుట్టినోళ్ళం, ఒకే డాక్టరమ్మ చేసె. ఇదేం న్యాయమురా? నువ్వు సైన్సు అయ్యవారివి కదా, చెప్పు” అన్నాడు.

అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత చదివి తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పన్ను కింద ఏముంది?

ముందుగా అసలు పన్ను ఎలా నిలబడుతుందో చూద్దాం. పన్ను ఎముకలోకి మేకులా దిగగొట్టినట్లు ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని సందు ఉంటుంది. దాని వెడల్పు సుమారు మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ సందు నిండా సన్నని నార పోగులుంటాయి. నులకమంచం మీద పడుకుంటే నులక కొంచెం సాగి మన బరువు మోసినట్లు, మనం నమిలినప్పుడు ఆ పోగులు పంటి మీద పడే బరువును మోస్తాయి. వాటిలో నరాల కొసలూ ఉన్నాయి. అన్నంలో సన్నని ఇసుక రేణువు తగిలినా మీకు వెంటనే తెలిసేది వాటి వల్లనే.

నాటు పన్నులో మూడు భాగాలుంటాయి. ఎముకలోకి బిగించే టైటానియం మర మొదటిది. దాని పొడవు సాధారణంగా సెంటీమీటరుకు అటూ ఇటూగా, లావు సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. మర తల మీద కూర్చునే చిన్న దిమ్మె రెండోది. ఆ దిమ్మె మీద తొడిగే, పన్ను ఆకారంలో ఉన్న తొడుగు మూడోది. దీనికి నార పోగులు లేవు, నులక లేదు. ఎముక నేరుగా లోహాన్ని పట్టుకుంటుంది. ఎముక లోహాన్ని పట్టుకోవడమేమిటి అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. శాస్త్రజ్ఞులకూ మొదట కలిగింది.

కుందేలు నేర్పిన పాఠం

1952లో స్వీడన్ దేశంలోని లుండ్ విశ్వవిద్యాలయంలో బ్రానెమార్క్ అనే యువ వైద్యుడు ఎముక లోపల రక్తం ఎలా ప్రవహిస్తుందో పరిశోధిస్తున్నాడు. ఆయన మనసులో పళ్ళ ఊసే లేదు. కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టం అమర్చి, అందులోని కటకం ద్వారా లోపలికి చూసేవాడు. కొన్ని నెలల తరువాత ఆ ఖరీదైన గొట్టాన్ని తీసి మరో కుందేలుకు వాడుదామనుకున్నాడు. ఎంత లాగినా అది రాలేదు! ఎముక దాని చుట్టూ పెరిగి గట్టిగా పట్టేసింది.

మరొకరైతే విసుక్కుని ఊరుకునేవారేమో. ఆయన మాత్రం ఇది ఎందుకు రాలేదని ఆలోచించాడు. ఎముక ఇలా లోహంతో ఏకం కావడానికి తరువాత ఆస్సియో ఇంటిగ్రేషన్ అనే పేరు వచ్చింది. 1965లో గోథెన్‌బర్గ్ నగరంలో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి ఆయన మొదటిసారిగా దవడలో టైటానియం మరలు బిగించాడు. లార్సన్‌కు పుట్టుకతోనే దవడ లోపం ఉండేది. కింది దవడలో పళ్ళు లేవు. ఆయన 2006లో చనిపోయేదాకా, అంటే 40 ఏళ్ళకు పైగా, ఆ మరలు నిలిచి పనిచేశాయి.

అయినా శాస్త్ర లోకం వెంటనే నమ్మలేదు. దవడలో లోహం పెడితే శరీరం దాన్ని బయటికి తోసేస్తుందని చాలామంది వాదించారు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశంలో సంవత్సరాల తరబడి సేకరించిన ఫలితాలు చూపిన తరువాతే ప్రపంచం ఒప్పుకుంది. చూశారా! నమ్మించడానికి పట్టిన కాలం కనిపెట్టడానికి పట్టిన కాలం కంటే చాలా ఎక్కువ.

సముద్రపు ఇసుక నుండి దవడలోకి

టైటానియంలో అంత గొప్ప ఏముంది? ఇనుప మేకును తడిలో ఉంచితే తుప్పు పడుతుంది. తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది, లోపలి ఇనుము మళ్ళీ తుప్పు పడుతుంది. టైటానియానికి కూడా గాలి తగలగానే ఆక్సైడు పొర ఏర్పడుతుంది. కానీ ఆ పొర రాలదు. మిల్లీమీటరులో లక్షవ వంతు కూడా ఉండని ఆ పొర లోహాన్ని కవచంలా కప్పి ఉంచుతుంది. గీత పడితే క్షణంలో మళ్ళీ ఏర్పడుతుంది. మన శరీరంలోని కణాలు తాకేది నిజానికి లోహాన్ని కాదు, ఈ పొరనే. శరీరానికి దీనితో పేచీ లేదు.

ఈ లోహం మనకు దూరపుది కాదు. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లో నల్లని ఇసుక కనిపిస్తుంది. అందులో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంది. అది టైటానియం, ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. దాని నుండి టైటానియాన్ని విడదీయడం చాలా కష్టమైన పని. ముందుగా టైటానియం టెట్రాక్లోరైడ్‌గా మార్చి, దాన్ని కరిగిన మెగ్నీషియంతో కలిపితే, మెగ్నీషియం క్లోరిన్‌ను లాక్కుంటుంది. టైటానియం స్పంజిలాగా బొరియలతో మిగులుతుంది. ఈ విద్యను మన దేశంలో సాధించినది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం. ఆ పద్ధతితోనే 2011లో కేరళలోని చవరలో కర్మాగారం మొదలైంది. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగం, అంటే మిధాని, టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తుంది. విమానాలకూ రాకెట్లకూ పనికివచ్చే లోహమే మనిషి దవడకూ పనికివస్తోంది.

మొదటి మూడు నెలలు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఒకే లోహమైనప్పుడు ఒకరికి నిలిచి మరొకరికి ఊడడమెందుకు?

మొదటిది నేల. మా చేలలో రాతి కూసాలు పాతడం చూడండి. గట్టి ఎర్రనేలలో పాతిన కూసం ఏళ్ళ తరబడి కదలదు. నల్లరేగడిలో పాతినది, వేసవిలో నేల నెర్రెలిచ్చినప్పుడు వదులవుతుంది. దవడ ఎముకలోనూ ఇలాంటి తేడాలున్నాయి. కింది దవడ ముందు భాగం నాపరాయిలా గట్టిగా ఉంటుంది. పై దవడ వెనక భాగం బొరుగుల ఉండలా బొరియలతో ఉంటుంది. అందుకే పూర్వం కింది దవడలో 3 నెలలు, పై దవడలో 6 నెలలు ఆగి గాని తొడుగు పెట్టేవారు కాదు.

రెండోది వేడి. ఎముకకు రంధ్రం చేసేటప్పుడు ఒరిపిడికి వేడి పుడుతుంది. 47 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, ఎముక కణాలు దెబ్బ తింటాయని 1983లో స్వీడన్ శాస్త్రజ్ఞులు చూపారు. మే నెలలో మా కర్నూలు ఎండ 43, 44 డిగ్రీలకు చేరుతుంది. ఆ రెండింటికీ ఎంత కొద్ది తేడా ఉందో చూడండి! అందుకే దంతవైద్యులు నెమ్మదిగా, ఉప్పునీటి ధార పోస్తూ రంధ్రం చేస్తారు.

మూడోది కదలిక. మర బిగించిన తొలి వారాలలో ఒక విచిత్రం జరుగుతుంది. మన ఎముకలో పాత ఎముకను కరిగించే కణాలూ, కొత్త ఎముకను కట్టే కణాలూ రెండూ ఉంటాయి. గాయపడిన పాత ఎముకను మొదటి రకం కణాలు తొలగిస్తాయి, రెండో రకం కణాలు నెమ్మదిగా కొత్తది కడతాయి. పాత ఇల్లు పడగొట్టి కొత్త ఇల్లు కట్టేటప్పుడు మధ్యలో కొన్నాళ్ళు ఇల్లే లేనట్లు, సుమారు మూడు నాలుగు వారాల దగ్గర మర పట్టు కొంచెం తగ్గుతుంది. ఆ సమయంలో మర మిల్లీమీటరులో ఏడో వంతు మేర అటూ ఇటూ కదిలినా, చుట్టూ ఎముకకు బదులు మెత్తని నార కణజాలం పెరుగుతుంది. ఇక అది ఎప్పటికీ గట్టిపడదు. మొక్క నాటి, వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూస్తే ఏమవుతుంది?

మా అన్న పన్ను ఈ దశ దాటింది. నాలుగేళ్ళు నిలిచింది కదా! అంటే ఊడడానికి కారణం తరువాతి కాలంలో వెతకాలి.

ఏళ్ళు గడిచిన తరువాత

పరిశోధకులు వేల మందిని ఏళ్ళ తరబడి పరిశీలించి చెప్పినదేమంటే, నాటిన పళ్ళలో పదేళ్ళ తరువాత నూటికి సుమారు 95 నోట్లోనే ఉంటున్నాయి. బాగుంది కదూ! అయితే నోట్లో ఉండడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. మర చుట్టూ ఎముక కొద్దికొద్దిగా తరిగిపోతూ ఉండవచ్చు. మొదటి సంవత్సరంలో తరిగేది పోగా, ఆ తరువాత ఏడాదికి 0.2 మిల్లీమీటరు లోపే తరిగితే అది బాగున్నట్లు లెక్క అని 1986లో ఆల్బ్రెక్ట్‌సన్, ఆయన సహచరులు ఒక కొలత పెట్టారు. మీరే లెక్క వేయండి. ఏడాదికి 0.2 చొప్పున 20 ఏళ్ళకు 4 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల మరకు ఇంకా సగానికి పైగా పట్టు మిగులుతుంది. అదే ఏడాదికి 1 మిల్లీమీటరు తరిగితే?

ఎముకను అలా తరిగించేది చాలావరకు సూక్ష్మజీవుల పాచి. లోహానికి పిప్పి పట్టదు. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకు జబ్బు రావచ్చు. అసలు పంటి దగ్గర చిగురు పోగులు వేరులోకి నాటుకుని ద్వారం మూసినట్లు ఉంటాయి. నాటు పన్ను దగ్గర ఆ పోగులు లోహం పక్కనే సాగిపోతాయి గాని, లోపలికి నాటుకోవు. ద్వారం అంత గట్టిగా మూసుకోదు. పాచి పేరుకుంటే సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి, చిగురు వాస్తుంది, కింద ఎముక కరగడం మొదలవుతుంది. నాటు పళ్ళు ఉన్న ప్రతి అయిదుగురిలో ఒకరికి ఇలాంటి జబ్బు కనిపించిందని పరిశోధనలు చెబుతున్నాయి. దీనిలో చెడ్డ గుణం ఏమంటే, తరచుగా నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళడు. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోయిన వాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

పొగాకు రెండో శత్రువు. పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను ఇంకా సన్నం చేస్తుంది. చిగురుకూ ఎముకకూ రక్తం తగ్గుతుంది. నీరందని మొక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొగ తాగని వాళ్ళతో పోలిస్తే, తాగే వాళ్ళలో నాటు పళ్ళు ఊడడం సుమారు రెండింతలు.

మూడోది అదుపులో లేని చక్కెర జబ్బు. రక్తంలో చక్కెర ఎక్కువైతే గాయం ఆలస్యంగా మానుతుంది, సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. చక్కెర అదుపులో ఉంచుకున్న వాళ్ళకు మాత్రం పళ్ళు చక్కగా నిలుస్తున్నాయి. కాబట్టి తేడా అదుపులో ఉంది.

నాలుగోది బరువు. కొందరు నిద్రలో పళ్ళు పటపట కొరుకుతారు. నులక లేని నాటు పన్ను ఆ దెబ్బను నేరుగా తింటుంది. తొడుగు పగలవచ్చు, మర విరగనూ వచ్చు.

అన్నకు నేను చెప్పిన జవాబు

ఇవన్నీ చదివి అన్న దగ్గరికి వెళ్ళాను. అన్నకు బీడీ అలవాటు. పన్ను నాటిన రెండు వారాలు మానేశాడు, మూడో వారం మళ్ళీ మొదలు. చక్కెర జబ్బు ఉంది, మాత్రలు గుర్తొచ్చిన నాడు వేసుకునేవాడు. ఆరు నెలలకోసారి చూపించుకోమని డాక్టరమ్మ చెబితే, నొప్పి లేదు కదా అని నాలుగేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. పన్ను నాటినదేమో బొరుగుల ఉండ లాంటి పై దవడలో.

“అయితే బీడీ వల్లేనంటావా?” అని అడిగాడు.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. అవునని చెప్పాలని నాకెంతో అనిపించింది. కానీ అది సైన్సు కాదు. అన్నకూ నాకూ మధ్య తేడా ఒక్క బీడీలో లేదు. దవడ వేరు, చక్కెర వేరు, శుభ్రం వేరు. ప్రయోగంలో ఒక్క అంశమే మార్చి, మిగిలినవన్నీ ఒకేలా ఉంచాలని మీరు తరగతిలో చదువుకున్నారు. ఇద్దరు మనుషులను పోల్చి ఇదే కారణమని తేల్చలేము. వేల మందిని పోల్చినప్పుడే ఒక్కొక్క కారణం బలమెంతో విడిగా తెలుస్తుంది. 

“అన్నా, నీ పన్నును ఏది ఊడగొట్టిందో నేను చెప్పలేను. కానీ ఊడగొట్టగలిగినవి నాలుగు నీ దగ్గర ఉన్నాయి. అందులో దవడను మార్చలేవు. మిగిలిన మూడూ నీ చేతిలోనే ఉన్నాయి” అన్నాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. చొక్కా జేబులోని బీడీకట్ట తీసి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ కొన్నాడనుకోండి! మానడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు మానేశాడు, మాత్రలూ క్రమంగా వేసుకుంటున్నాడు. మళ్ళీ నాటించుకోవచ్చునా అని మొన్న డాక్టరమ్మను అడిగాడు. మూడు నెలల చక్కెర సగటు చూసి చెబుతానన్నదామె.

మీకెందుకీ సంగతి?

“మా పళ్ళు గట్టిగానే ఉన్నాయి, మాకెందుకు?” అనుకుంటున్నారా? మీకే ఎక్కువ అవసరం. ఎదిగే వయసులో నాటు పన్ను పెట్టరు. మీ దవడ పెరిగేకొద్దీ అసలు పళ్ళు దానితోపాటు జరుగుతాయి. ఎముక పట్టేసిన మర మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. కొన్నేళ్ళకు పక్క పళ్ళు పైకి వస్తాయి, అది గుంటలో ఉండిపోయినట్లు కనిపిస్తుంది. కాబట్టి ఎదుగుదల పూర్తయ్యేదాకా మీకు ఆ దారి లేదు.

అందుకే ఒక సంగతి గుర్తుంచుకోండి. కబడ్డీలోనో, సైకిలు మీద నుండి పడో శాశ్వత పన్ను ఊడివస్తే పారేయకండి. వేరును తాకకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే చల్లని నీటితోనో పాలతోనో ఒక్కసారి కడగండి, రుద్దవద్దు. వీలైతే వెంటనే దాని గుంటలో పెట్టి, శుభ్రమైన గుడ్డ కరిచి పట్టుకోండి. లేదా పాలలో వేసి, అరగంటలోగా, ఎంత ఆలస్యమైనా గంటలోగా, దంతవైద్యుని చేరండి. వేరు మీది నార కణాలు బతికి ఉంటే ఆ పన్ను మళ్ళీ పాతుకుంటుంది. పాలపన్నును మాత్రం అలా తిరిగి పెట్టకూడదు.

చేసి చూడండి

రెండు కొబ్బరి చిప్పలలో కొంచెం సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపి పోయండి. చేతితో కలపవద్దు, పుల్ల వాడండి. రెండింటిలోనూ ఒకే రకం మేకు నిలబెట్టండి. ఒక మేకును కదపవద్దు. రెండోదాన్ని అరగంటకోసారి సాయంత్రం దాకా అటూ ఇటూ కదపండి. రెండు రోజుల తరువాత రెండింటినీ లాగి చూడండి. ఇక్కడ మీరు మార్చిన అంశం ఒక్కటే. కాబట్టి తేడాకు కారణం ఇదని ధైర్యంగా చెప్పవచ్చు.

ఈ రాత్రి పడుకునే ముందు అద్దం ముందు నిలబడి మీ పళ్ళు లెక్కపెట్టండి. ఒక్కొక్క దాని కిందా సన్నని నులక అల్లి ఉందని గుర్తు చేసుకోండి. అలాంటి నులక అల్లడం మనుషులకు ఇంకా చేతకాలేదు. బ్రష్షు చేతిలోకి తీసుకోవడానికి ఆ ఒక్క కారణం చాలదూ?